అల్లాడి రామకృష్ణన్ గారు

నెల్లూరు జిల్లాలోని పుదూరను చిన్న గ్రామమున ఏకామ్రశాస్త్రిగారను పురోహితులుండిరి. ఆయన కుమారుడు కృష్ణస్వామి 1883లో జన్మించి, మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1929 మొదలు 1944 వరకు ఆ రాష్ట్రమునకు అడ్వొకేట్ జనరలుగా నుండి, పిమ్మట భారత రాజ్యాంగ రచనా సంఘమున సభ్యుడై, దేశమున పేరెన్నికగన్న న్యాయవాదులలో నొకడయ్యెను. మైలాపూరులో తాను నివసించిన గృహమునకు తండ్రి పేరిట ఏకామ్ర నివాసమని పేరిడెను. సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారిని ఎరుగని తెలుగు చదువరి యుండడు. ఆయన కుమారులైన రామకృష్ణన్ గారి పేరు మాత్రము మన గ్రామములలో అంతగా వినబడదు. శాస్త్రలోకమున నది వినబడని చోటు లేదు.

రామకృష్ణన్ గారు 1923 ఆగస్టు 9వ తేదీన మద్రాసులో జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము ఆనర్సు చదివిరి. తండ్రి న్యాయవాదులలో అగ్రగణ్యుడు. ఇంట నిండుగా న్యాయగ్రంథములు, వాకిట కక్షిదారులు. కొడుకునకు మార్గము ముందే పరచియున్నది. ఆయనయు న్యాయశాస్త్రము చదువకపోలేదు. కాని అంతకుమునుపే హోమీ భాభా మద్రాసునకు వచ్చి మెసానుల సిద్ధాంతమును గూర్చి యిచ్చిన ఉపన్యాసమొకటి ఆ యువకుని మనస్సున నాటుకొనియుండెను. సిద్ధముగా నున్న సంపదను, పేరును విడిచి, అప్పటికి ఈ దేశమున సరియైన జీతము గాని, పీఠము గాని లేని సైద్ధాంతిక భౌతికశాస్త్రమును పట్టుకొనుట తేలికైన నిర్ణయము కాదు. ఆయన దానిని చేసిరి. 1947లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో భాభాగారి యొద్ద చేరి, పిదప బొంబాయిలోని తాతా పరిశోధన సంస్థలో ఆయన క్రింద పనిచేసిరి.

భాభాగారు శిష్యునకు చూపిన సమస్య యేమియో చెప్పవలెనన్న కొంత వెనుకకు పోవలెను. 1912లో విక్టర్ హెస్ అను ఆస్ట్రియా దేశస్థుడు బెలూనులో నెక్కి, పైకి పోయినకొలది వాతావరణములో విద్యుత్కణములు పెరుగుట కనిపెట్టి, ఆకాశమునుండి యేదో కిరణము భూమిపై బడుచున్నదని నిరూపించెను. అవియే విశ్వకిరణములు. (తరువాతి కాలమున తాతా సంస్థవారు హైదరాబాదునుండి ఎగురవేసిన పెద్ద బెలూనులు ఈ పరిశోధన కొరకే మొదలైనవి.) మిక్కిలి శక్తిగల ఎలెక్ట్రాను ఒకటి సీసపు పలకలో జొచ్చినచో, అర సెంటీమీటరు దాటునంతలో నొక ఫోటానును వెలువరించును. ఆ ఫోటాను కొంత దూరము పోయి ఒక ఎలెక్ట్రానుగను, ఒక పాజిట్రానుగను విడిపోవును. ఆ రెండును మరల ఫోటానులను వెలువరించును. ఇట్లు ఒకటి రెండై, రెండు నాలుగై, కణముల జడివాన యొకటి పుట్టి, శక్తి పంపకమై చాలనప్పుడు ఆగిపోవును. 1937లో భాభాయు, హైట్లరును కలిసి, అమెరికాలో కార్ల్‌సన్, ఓపెన్‌హైమర్ అనువారు విడిగా, ఎంత లోతున సగటున ఎన్ని కణములుండునో లెక్కకట్టిరి.

సగటు తెలిసినది. అయినను సగటుతో పని ముగియదు. అమ్రాబాదు పీఠభూమిమీద వ్యవసాయము చేయువానికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఏటికింత సగటు వర్షమని కాగితము చెప్పును గాని చెరువు నిండునది ఆ యేటి వానతోనే. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చూచునది సగటు జడివానను కాదు, ఒక్కొక్క జడివానను. ఒకమారు ఇరువది కణములు, ఒకమారు నూటయేబది కనబడినచో ఆ తేడా సిద్ధాంతపు లోపమా, ప్రకృతిలోని యాదృచ్ఛికమా అని తేల్చుటకు విచలనము యొక్క పరిమాణము తెలియవలెను.

అప్పటివరకు విచలనములను గూర్చి భౌతికశాస్త్రమునకు తెలిసినది ఎక్కువగా సమతాస్థితిలో నున్న పదార్థములను గూర్చియే. మూసిన గదిలోని గాలి యట్టిది. అందు అణువులు ఎంత తారుమారైనను, ఒక మూలనున్న అణువుల సంఖ్య సగటునుండి తప్పునది ఆ సంఖ్య యొక్క వర్గమూలమంతయే. నూరున్నచోట పది, కోటియున్నచోట మూడువేల పైచిల్లర. 1905, 1906 సంవత్సరములలో ఐన్‌స్టైన్, స్మొలుకోవ్‌స్కీ అనువారు నీటిలో తేలు సూక్ష్మరేణువుల చలనమును వివరించినది ఈ విధమైన ఆలోచనతోనే. విశ్వకిరణముల జడివాన అట్టిది కాదు. అందు శక్తి ఒకే దిక్కున ప్రవహించును. వెనుకకు మరలి సర్దుకొనుట యుండదు. సమతాస్థితికి అది బహుదూరము.

ఈ దూరము వలన కలుగు భేదమును ఒక గింజతో చూపవచ్చును. నూరు పొలములలో వేరువేరుగా నూరు జొన్న గింజలు నాటినచో కొన్ని చచ్చును, కొన్ని విరివిగా పండును. మొత్తముమీద సగటుకు దగ్గరగానే ఫలితముండును. అటుగాక ఒకే గింజను నాటి, దాని పంటనే విత్తనముగా మరుసటి యేడు చల్లుచు పోయినచో, మొదటి యేడు వాన లేక రెండే గింజలు దక్కినను ఆ కొరత తరువాతి యేండ్లకన్నిటికి సంక్రమించును. మొదటి తరమున కలిగిన అదృష్టదురదృష్టములు చివరివరకు పెరుగుచునే పోవును. 1937లోనే ఫర్రీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ప్రతి కణమును ఒకే సంభావ్యతతో రెండగుచుండునని అనుకొని లెక్కచూచెను. సగటు నూరైనచో విచలనము పది కాక దాదాపు నూరే అగునని తేలినది. ఆ లెక్కలో అన్నిటికంటె ఎక్కువ సంభావ్యతగల సంఖ్య ఒకటి! నూరు కణములు సగటైన చోట, ఒక్కటే కనబడుట తక్కిన యే సంఖ్యకంటెను సులభమన్నమాట. భాభా, హైట్లరులు విచలనము వర్గమూలమంతయే యని తీసుకొనియుండిరి. రెండు లెక్కలకు నడుమ భేదము పదింతలు. సత్యమెక్కడనో ఆ నడుమ నున్నది. కాని దానిని పట్టుటెట్లు?

కష్టము శక్తిలో నున్నది. ఫర్రీ లెక్కలో కణములకు శక్తి లేదు, కేవలము సంఖ్య కలదు. నిజమైన ఎలెక్ట్రాను విడిపోవునప్పుడు శక్తి పంచుకొనును. ఎంత పంచుకొన్నదనుదానిపై తరువాతి తరమంతయు ఆధారపడును. శక్తి యన్నది ఒకటి, రెండు, మూడని లెక్కింపదగిన వస్తువు కాదు. అది అవిచ్ఛిన్నమైన రాశి. ఒకటవ శక్తిలో ఇన్ని, రెండవ శక్తిలో ఇన్ని యని పట్టిక వ్రాయబూనినచో ఆ పట్టికకు అంతముండదు. అప్పటి సంభావ్యతా గణితమున ఇట్టి అనంతమైన పట్టికకు అనువైన పరికరము లేదు.

రామకృష్ణన్ గారు కనుగొన్న ఉపాయము, తెలిసిన పిమ్మట, ఇంతేనా యనిపించునట్టిది. శక్తిని మిక్కిలి సన్నని అంతరములుగా కోయుడు. అంతరము చాలినంత సన్ననైనచో అందు కణమొకటి యుండును, లేదా ఉండనే యుండదు. రెండుండుటకు గల సంభావ్యత లెక్కకు రాదు. కావున ఆ అంతరమునందలి సంఖ్య సున్నగాని, ఒకటిగాని. సున్నకు వర్గము సున్న, ఒకటికి వర్గము ఒకటి. అనగా సన్నని అంతరమున సంఖ్యకును, దాని వర్గమునకును, ఘనమునకును సగటు ఒకటే. ఇది మొదటి మెట్టు. పిదప రెండు వేరువేరు అంతరములను తీసుకొని, రెంటను ఒకేసారి ఒక్కొక్క కణముండు సంభావ్యతను చూడుడు. దానినే ఆయన రెండవ తరగతి ప్రాడక్ట్ డెన్సిటీ యనిరి. తెలుగున లబ్ధసాంద్రత యనవచ్చును. మూడు అంతరములకు మూడవ తరగతి, ఇట్లు పైకి. విచలనము కావలెనన్న మొత్తము సంఖ్య యొక్క వర్గపు సగటు కావలెను. ఆ వర్గపు సగటు రెండవ తరగతి సాంద్రత మొత్తమును, మొదటి తరగతి సాంద్రత మొత్తమును కలుపగా వచ్చును. అనంతమైన పట్టిక అవసరమే తీరిపోయినది.

ఘనపు సగటునకు మొదటి, రెండవ, మూడవ తరగతులను 1, 3, 1 చొప్పున కలుపవలెను. నాల్గవ ఘాతమునకు 1, 7, 6, 1 చొప్పున. ఈ అంకెలెక్కడివో తెలిసికొనుటకు గ్రంథాలయములోని బల్ల చాలును. మూడు వేరువేరు పుస్తకములను ఒకే కట్టగా కట్టుట ఒకటే విధము. రెండు కట్టలుగా కట్టుట మూడు విధములు. మూడు కట్టలుగా ఒకటే విధము. నాలుగు పుస్తకములైనచో ఒకటి, ఏడు, ఆరు, ఒకటి. ఆకాశమునుండి రాలు కణముల విచలనమునకును, పుస్తకముల కట్టలకును ఒకే లెక్క వర్తించుట గణితమునందలి వింతలలో నొకటి.

ఈ భావము రామకృష్ణన్ గారికి ఒక్కరికే తోచలేదు. గురువైన భాభాగారును తమ దారిన అదే స్థానమునకు చేరిరి. 1950లో భాభాగారి వ్యాసము లండనులోని రాయల్ సొసైటీ పత్రికలోను, రామకృష్ణన్ గారిది కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలోను వెలువడినవి. అదే సంవత్సరమున గురుశిష్యులిద్దరు కలిసి జడివానలోని విచలనములనుగూర్చి భారత విజ్ఞాన పరిషత్తు పత్రికలో నొక వ్యాసము ప్రకటించిరి. భాభా అప్పటికే లోకప్రసిద్ధుడు, తాతా సంస్థకు స్థాపకుడు. రామకృష్ణన్ గారు ఇరువదియేడేండ్ల విద్యార్థి. పెద్దచెట్టు నీడలో చిన్నమొక్క కనబడకపోవుట సహజము. అయినను ఆ పద్ధతికి నిలిచిన పేరు శిష్యుడు పెట్టినదే. నేడును శాస్త్రజ్ఞులు దానిని లబ్ధసాంద్రత యనియే వ్యవహరింతురు.

అంతకు ముందే 1949లో ఆయన ఇంగ్లండునకు పోయి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఎం. ఎస్. బార్ట్‌లెట్ యొద్ద చేరిరి. భౌతికశాస్త్రజ్ఞుని విడిచి సంఖ్యాశాస్త్రజ్ఞుని ఆశ్రయించుటలో ఆయన దూరదృష్టి కనబడును. ఆ కాలమున బ్రిటనులో యాదృచ్ఛిక ప్రక్రియలను జీవుల సంఖ్య, అంటురోగములు మున్నగువానికి అన్వయించుచుండిరి. డేవిడ్ కెండల్ 1949లో జనసంఖ్య వయస్సును బట్టి పెరుగు తీరును పరిశీలించెను. వయస్సును శక్తివలె అవిచ్ఛిన్నమైన రాశియే. విశ్వకిరణములకు పుట్టిన గణితమును, మనుష్యుల జననమరణములకు పుట్టిన గణితమును ఒకే కుటుంబమునకు చెందినవని అక్కడ స్పష్టపడినది. 1951లో డాక్టరు పట్టము పొంది స్వదేశమునకు మరలిరి.

మరలి వచ్చిన పిమ్మట మద్రాసు విశ్వవిద్యాలయమున అధ్యాపకులైరి. పి. ఎం. మాథ్యూస్, ఎస్. కె. శ్రీనివాసన్ మొదలగు శిష్యులతో కలిసి ఒక దశాబ్దము విచలనముల శాస్త్రమునకు అంకితమైరి. పాలపుంత వెలుగు ఒకచోట దట్టముగ, ఒకచోట పలుచగ కనబడుటకు నక్షత్రముల నడుమ యాదృచ్ఛికముగా పరచియున్న మేఘములు కారణమని చంద్రశేఖర్, మ్యూంచ్ అనువారు లెక్కలు కట్టుచుండగా, రామకృష్ణన్ గారును ఆ సమస్యను చేపట్టిరి. 1956లో శ్రీనివాసన్ గారితో కలిసి జడివానను చూచు కొత్త మార్గమును ప్రతిపాదించిరి. అంతవరకు అందరును ఫలానా లోతున ఎన్ని కణములున్నవని అడుగుచుండిరి. వీరు, ఆ లోతువరకు ఫలానా శక్తికి మించి ఎన్ని కణములు పుట్టినవని అడిగిరి. ఛాయాచిత్రపు లేపనములో కణము పుట్టినచోటు జాడగా నిలుచును గనుక ప్రయోగకారునకు కంటికి కనబడునది ఈ రెండవ సంఖ్యయే. ప్రశ్నను మార్చుటయే సగము జవాబని యెరిగినవారు ఇట్లే చేయుదురు.

జర్మనీలో స్ప్రింగర్ సంస్థవారు ప్రచురించిన భౌతికశాస్త్ర మహాకోశమున సంభావ్యత, యాదృచ్ఛిక ప్రక్రియలను గూర్చిన భాగమును వ్రాయుమని రామకృష్ణన్ గారిని కోరిరి. నూటికి పైగా పుటలు గల ఆ రచన 1959లో వెలువడినది. ముప్పదియైదేండ్ల లోపున ఒక భారతీయునకు ఆ పని అప్పగింపబడుట సామాన్యమైన గౌరవము కాదు.

1957-58లో ఆయన ఓపెన్‌హైమర్ అధ్యక్షుడుగా నున్న ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత విద్యాసంస్థలో గడపిరి. అక్కడ చూచినది ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. భవనములకంటె, పరికరములకంటె, తెలిసినవారు కూర్చుండి మాటలాడుకొను బల్లయు, మంచి గ్రంథాలయమును శాస్త్రమునకు ప్రాణమని గ్రహించిరి. మద్రాసునకు వచ్చి, విశ్వవిద్యాలయమున నట్టి యేర్పాటు లేకపోగా, ఏకామ్ర నివాసమునే పాఠశాల చేసిరి. తండ్రిగారు 1953లో గతించియుండిరి. ఒకనాడు రాజ్యాంగ చట్టములు చర్చింపబడిన యింట ఇప్పుడు నల్లబల్ల వెలసినది. శిష్యులు అచ్చటనే ఉపన్యాసములిచ్చి, వినిరి. జీతములేని ఆ సభకు పేరు సైద్ధాంతిక భౌతికశాస్త్ర గోష్ఠి. మద్రాసు మీదుగా పోవు విదేశ శాస్త్రజ్ఞులను ఆహ్వానించి, ఆతిథ్యమిచ్చి, వారిచే పాఠములు చెప్పించుట ఆయనకు అలవాటయ్యెను.

1960 జనవరిలో డెన్మార్కు దేశపు నీల్స్ బోర్ మద్రాసునకు వచ్చి ఈ గోష్ఠిని చూచెను. పరమాణు రచనను లోకమునకు తెలిపిన ఆ వృద్ధుడు, భారతదేశమున తన్ను ఆశ్చర్యపరచినవి బొంబాయిలోని మహాసంస్థయు, మద్రాసులోని ఈ కొద్దిమంది విద్యార్థులునని పత్రికలవారికి తెలిపెను. ఆ మాట ఢిల్లీవరకు వినబడినది. మద్రాసు ప్రభుత్వమున విద్యామంత్రియైన సి. సుబ్రహ్మణ్యం గారు ఆ కోరికను చెవిని బెట్టి, 1961లో ప్రధాని నెహ్రూగారు మద్రాసునకు వచ్చినప్పుడు రామకృష్ణన్ గారిని, శిష్యులను ఆయన యెదుట నిలిపిరి. సంస్థ కావలెనా యని నెహ్రూగారు అడుగగా, కావలెనని చెప్పుటకు ఆ గోష్ఠి విద్యార్థులే సాక్ష్యము.

1962 జనవరి 3వ తేదీన గణితశాస్త్ర సంస్థ ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రారంభమయ్యెను. ప్రారంభకుడు చంద్రశేఖర్. ఆయనయు ఆ కళాశాల విద్యార్థియే. 1943లో భౌతిక, ఖగోళశాస్త్రములలోని యాదృచ్ఛిక సమస్యలను గూర్చి వ్రాసిన మహావ్యాసముతో ఈ శాస్త్రమునకు ప్రామాణిక గ్రంథము సమకూర్చినవాడు. రామకృష్ణన్ గారు అధ్యక్షులైరి. మ్యాట్‌సైన్స్ అను ముద్దుపేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థ తరువాత తరమణిలోని సొంత భవనములకు మారినది. కేంద్ర అణుశక్తి శాఖ పోషణలోనికి వచ్చి నేటికిని నడచుచున్నది. దాని గ్రంథాలయము దేశమునందలి ఉత్తమ గణిత గ్రంథాలయములలో నొకటి.

సంస్థ వచ్చినది, కాని విచలనముల శాస్త్రము నుండి ఆయన దృష్టి మరలినది. ప్రాథమిక కణములు, డిరాక్ మాతృకలు మున్నగువానిపై ఆయన తరువాత వ్రాసినవి పెక్కు కలవు. 1972లో డిరాక్ మాతృకల వ్యాకరణమని చెప్పదగిన గ్రంథమును ప్రకటించిరి. అవి పండితుల ఆదరమును పొందినవే గాని, 1950 నాటి వ్యాసమునకు గల వ్యాప్తి వానికి లేదు. సంస్థను నడపుట, నిధులకై తిరుగుట, అతిథులను రప్పించుట యందు గడచిన యేండ్లు ఆ మొదటి శాస్త్రమునకు నష్టమే. దానిని శిష్యులు కొంత పూరించిరి. శ్రీనివాసన్ గారు మద్రాసు ఐ.ఐ.టి.లో నుండి ఆ విద్యను ముందుకు కొనిపోయి, 1969లో జడివాన ప్రక్రియలపై గ్రంథము వ్రాసిరి. అణు రియాక్టరులో న్యూట్రానుల సంఖ్య ఒడుదొడుకులను కొలుచువారికిని ఈ మాదిరి గణితమే పనికివచ్చినది. అక్కడను ఒకటి పెక్కగుట, మొదటి తరపు తప్పు తుదివరకు వచ్చుట యున్నవి గదా.

1983లో రామకృష్ణన్ గారు సంస్థ అధ్యక్ష పదవినుండి విరమించిరి. విరమించిన పిమ్మటను సాపేక్ష సిద్ధాంతమును గూర్చి వ్రాయుచునే యుండిరి. దినచర్యను శ్రద్ధతో వ్రాసికొను అలవాటుండుటచే, వానినుండి కూర్చిన ఆయన స్మృతులు రెండు సంపుటములుగా వెలువడినవి. కుమారులు కృష్ణస్వామి అల్లాడిగారు సంఖ్యా సిద్ధాంతమున ప్రసిద్ధులై, అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమున ఆచార్యులై, రామానుజన్ పేర గణిత పత్రికను స్థాపించిరి. తాతగారి పేరే మనుమడు ధరించినను, తాతగారి న్యాయవాద వృత్తి ఆ శాఖలో మరల రాలేదు. 2008 జూన్ 7వ తేదీన ఫ్లారిడాలోని గైన్స్‌విల్ నగరమున రామకృష్ణన్ గారు పరమపదించిరి. 2010లో ఆయన స్మారకముగా పలుదేశముల గణితజ్ఞులు వ్రాసిన వ్యాసముల సంపుటమొకటి వెలువడినది. అందు విశ్వకిరణములను ఎన్నడును చూడనివారును, లబ్ధసాంద్రతలను వాడుకొన్నవారును కలరు.